హార్న్ ప్లేయర్‌గా బతకాలంటే: పెదవుల దగ్గర్నుంచి ఆడిషన్ తెర దాకా

హార్న్‌ని వృత్తిగా చేసుకోవాలని అనుకుంటున్నారా? అయితే ముందు ఒక విషయానికి మనసు సిద్ధం చేసుకోండి, నోట్లు పగులుతాయి, అంటే అనుకున్న స్వరం బదులు పక్క స్వరం తగులుతుంది. మొదటి ఏడాది పగులుతాయి, పదో ఏడాదీ పగులుతాయి, పెద్ద ఆర్కెస్ట్రాలో ఇరవై ఏళ్లుగా మొదటి కుర్చీలో కూర్చుంటున్నవాళ్లకి కూడా పగులుతాయి. కాకపోతే వాళ్లకి తక్కువసార్లు పగులుతాయి, పైగా పగిలిన నోట్ తర్వాతి నోట్‌ని పాడుచేయదు. ఈ రెండోదే అసలు శిక్షణ అని నా నమ్మకం. ఊపిరి, పెదవులు, వేళ్లు, కాలేజీ, డిగ్రీ, ఇవన్నీ దాని చుట్టూ తిరిగేవే.

(హార్న్ అంటే బండికి ఉండేది కాదు. చుట్టలు చుట్టుకుని వెనక్కి తిరిగిన పెద్ద నోరున్న ఇత్తడి వాద్యం. బయట ఫ్రెంచ్ హార్న్ అంటారు, వాయించేవాళ్లు ఒట్టి హార్న్ అనేస్తారు. పేరుకి తగ్గట్టే పుట్టింది వేటగాళ్ల కొమ్ములోంచి.)

మొదటి మెట్టు: ఎందుకు పగులుతుందో తెలుసుకోండి

ఎఫ్ హార్న్ (ఎఫ్ శ్రుతిలో పలికే మామూలు హార్న్) చుట్టలు విప్పి సాగదీస్తే గొట్టం దాదాపు 3.7 మీటర్లు వస్తుంది. ట్రంపెట్ గొట్టం ఒకటిన్నర మీటరుకి అటూ ఇటూ, అంతే. ఏ గొట్టంలో ఊదినా కొన్ని స్వరాలే సహజంగా పలుకుతాయి, వాటినే హార్మోనిక్స్ అంటారు. కింద అవి ఎడంఎడంగా ఉంటాయి, పైకి వెళ్లేకొద్దీ ఒకదాని మీద ఒకటి పడ్డట్టు దగ్గరవుతాయి. ట్రంపెట్ వాళ్లు ఎక్కువగా ఆ ఎడం మెట్ల మీదే నడుస్తారు. మనం మాత్రం ఎనిమిదో హార్మోనిక్ నుంచి పదహారో దాకా, అంటే మెట్టుకీ మెట్టుకీ మధ్య ఒక టోనో, అర టోనో మాత్రమే ఉండే చోట కాపురం పెడతాం. వాల్వు (వేలితో నొక్కి గొట్టం పొడవు మార్చే మీట) ఒక్కటీ నొక్కకుండానే అక్కడ తొమ్మిది స్వరాలు పక్కపక్కనే ఉంటాయి. పెదవి వెంట్రుకవాసి బిగుసుకున్నా, ఊపిరి క్షణం తటపటాయించినా పక్క మెట్టు మీద కాలు పడుతుంది. వేలు సరిగ్గా నొక్కినా తప్పు నోట్ వస్తుందంటే పియానో వాయించేవాళ్లు నమ్మరు.

అందుకే ఈ వాద్యంలో వేలికంటే చెవి ముందు నేర్చుకోవాలి. ఊదబోయే నోట్ ఊదకముందే మీకు లోపల వినపడాలి. వినపడకుండా ఊదితే అది చీకట్లో రాయి వేయడమే. రోజూ ఐదు నిమిషాలు హార్న్ పక్కన పెట్టి ఆ రోజు వాయించబోయే వాక్యాన్ని గొంతుతో పాడండి, గొంతు బాగుండక్కర్లేదు, శ్రుతి ఉంటే చాలు. సిగ్గుపడి దీన్ని వదిలేసే విద్యార్థులే ఎక్కువ, మూడో ఏడాదికి వెనకబడిపోయేదీ వాళ్లే.

రెండో మెట్టు: వాద్యం ఎంచుకోవడం, ఇక్కడ ఎక్కువ ఆలోచించకండి

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో వాల్వులు వచ్చేదాకా (స్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు 1818లో పేటెంట్ తీసుకున్నారు) హార్న్ అంటే ఒట్టి గొట్టమే. తర్వాత 1897లో ఎర్ఫర్ట్‌లోని క్రుస్పే కంపెనీ డబుల్ హార్న్ తెచ్చింది, అంటే ఒకే వాద్యంలో పొడుగాటి ఎఫ్ గొట్టం, దాదాపు 2.8 మీటర్ల బి ఫ్లాట్ గొట్టం రెండూ. బొటనవేలి కింద ఉండే వాల్వుతో అటూ ఇటూ మారతారు. ఇవాళ ప్రొఫెషనల్‌గా వాయించే వాళ్లలో అత్యధికుల చేతిలో ఉండేది ఇదే, పై స్వరాలు ఎక్కువుండే పనికి కొందరు ట్రిపుల్ హార్న్ వాడతారు. వియన్నా ఫిల్హార్మోనిక్ వాళ్లు మాత్రం ఇప్పటికీ పాత పద్ధతి ఎఫ్ హార్నే వాయిస్తారు, అది వాళ్ల సంప్రదాయం, వాళ్ల తంటా.

మొదట్లో స్కూలు హార్నో, అద్దె హార్నో ఏదైనా పర్లేదు, చిన్నపిల్లలకైతే తేలికైన సింగిల్ హార్న్ మంచిది. సీరియస్‌గా తీసుకున్నాక పాతదైనా సరే మంచి డబుల్ హార్న్ చూడండి. కొనేముందు మూడు చూడాలి. వాల్వులు గాలి లీకవకుండా ఉన్నాయా, స్లైడ్లన్నీ (లాగి శ్రుతి సర్దే గొట్టం ముక్కలు) బయటికి వస్తున్నాయా, మధ్య స్వరాలు ట్యూనర్ (శ్రుతి చూపించే పరికరం) మీద ఎంత వంకరగా ఉన్నాయి. మెరుపు చూసి మోసపోకండి, పైపూత పూర్తిగా లేచిపోయిన హార్నులు అద్భుతంగా పలకడం నేను చూశా. జర్మనీలో అలెగ్జాండర్ 103, అమెరికాలో చాలాకాలం కాన్ 8డి రాజ్యమేలాయి, మీ గురువు ఏది వాయిస్తే మీకూ అదే కావాలనిపిస్తుంది, అది సహజం, కానీ మీ చెయ్యి, మీ పెదవి వేరు.

మౌత్‌పీస్ (పెదవులకి ఆనించి ఊదే ముక్క) విషయంలో ఒకే మాట, నెలకొకటి మార్చకండి. పై నోట్ రావట్లేదని మౌత్‌పీస్ మార్చేవాళ్లకి మూడు రోజులు బాగుంటుంది, నాలుగో రోజు పాత సమస్య పాత చోటికే వచ్చి కూర్చుంటుంది.

మూడో మెట్టు: పెదవి, ఊపిరి, కుడిచెయ్యి

మౌత్‌పీస్ మామూలుగా పై పెదవి మీద మూడింట రెండు వంతులు, కింది పెదవి మీద ఒక వంతు ఉండేలా పెడతారు. ఇది సూత్రం కాదు, ఎక్కువమందికి కుదిరే చోటు. పళ్ల వరస, పెదవి మందం బట్టి కాస్త మారుతుంది, కానీ అద్దం ముందు గురువు చూసి చెప్పాల్సిన పని ఇది, వీడియోలు చూసి మీ అంతట మీరు తేల్చుకునేది కాదు. తప్పు చోట అలవాటైతే తర్వాత మార్చడానికి నెలలు పడుతుంది, ఆ నెలల్లో ఏడుపొస్తుంది కూడా.

మూతి మూలలు గట్టిగా, మధ్యలో మెత్తగా. పై స్వరాలకి మౌత్‌పీస్‌ని పళ్లకేసి నొక్కడం అందరూ చేసే తప్పు. నొక్కితే నోట్ వస్తుంది, నిజమే, పది నిమిషాలు వస్తుంది, తర్వాత పెదవికి రక్తం ఆడక చచ్చుబడుతుంది. ఊపిరి వేగం పెంచి పైకి వెళ్లడం నేర్చుకోండి. భుజాలు పైకి లేస్తున్నాయంటే ఊపిరి కిందికి దిగట్లేదని అర్థం.

ఇక కుడిచెయ్యి. వాల్వులు ఎడమచేత్తో నొక్కుతాం, కుడిచెయ్యి వెనక బెల్ (ఆ పెద్ద నోరు) లోపల ఉంటుంది, ఎందుకని అందరూ అడుగుతారు. వాల్వుల్లేని కాలంలో, పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో, డ్రెస్డెన్‌లో హాంపెల్ అనే ఆయన బెల్‌ని చేత్తో మూసి తెరిచి మధ్యలో లేని స్వరాల్ని కూడా పలికించే పద్ధతిని తీర్చిదిద్దాడు. ఆ చెయ్యి ఇప్పటికీ అక్కడే ఉండిపోయింది, నాదానికి మెత్తదనం ఇస్తుంది, శ్రుతి సర్దుతుంది. వేళ్లు కలిపి, నీళ్లు దోసిట పట్టబోతున్నట్టు కాస్త వంచి, వేళ్ల వెనక భాగం బెల్ లోపలి గోడకి ఆనించండి. మరీ మూస్తే శ్రుతి దిగుతుంది, నాదం దుప్పట్లోంచి వచ్చినట్టుంటుంది. మరీ తెరిస్తే పచ్చిగా, శ్రుతి ఎక్కి వినిపిస్తుంది. స్వరపత్రం మీద నోట్ పైన ప్లస్ గుర్తు ఉంటే పూర్తిగా బిగించి మూయాలి. అప్పుడు ఎఫ్ వైపు స్వరం అర టోన్ పైకి వెళ్తుంది కాబట్టి వేళ్లు అర టోన్ కిందివి నొక్కాలి. మొదట్లో బుర్ర తిరుగుతుంది, రెండు వారాల్లో అలవాటవుతుంది.

ఇంత చెప్పాక ఒక మినహాయింపు కూడా చెప్పాలి. ఫెలిక్స్ క్లీజర్ అనే జర్మన్ సోలోయిస్టు చేతులు లేకుండా పుట్టాడు, ఎడమ పాదం వేళ్లతో వాల్వులు నొక్కుతాడు, బెల్‌లో చెయ్యే ఉండదు. ఆ మెత్తదనం ఆయన పెదవితో, ఊపిరితో తెస్తాడు. మీ కుడిచెయ్యి ఏం చేస్తోందో అర్థం కావాలంటే ఓసారి ఆయన రికార్డింగ్ వినండి.

నాలుగో మెట్టు: రోజూ ఏం చేయాలి

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. ఉత్సాహంతో మొదటి రోజు నాలుగు గంటలు వాయించి, మూడో రోజు పెదవి వాచి కూర్చుంటారు. పెదవి కండరం. దాన్ని పరుగెత్తేవాడి కాలు చూసుకున్నట్టు చూసుకోవాలి. కొత్తవాళ్లు ఇరవై నిమిషాల చొప్పున రోజుకి రెండు మూడుసార్లు చాలు. కాలేజీ స్థాయికి వచ్చాక రోజు మొత్తం మీద మూడు గంటలు, అదీ నలభై ఐదు నిమిషాల ముక్కలుగా, మధ్యలో అంతే విరామంతో. వాయించిన సేపు ఎంతో విశ్రాంతి అంత, ఇది బద్ధకం కాదు.

పొద్దున్నే మొదటి ఇరవై నిమిషాలు ఎలా ఉంటాయో దగ్గర్నుంచి చూపిస్తా. హార్న్ తీయగానే లోపల చల్లగా ఉంటుంది, చల్లటి హార్న్ శ్రుతి తగ్గి పలుకుతుంది, కాబట్టి ముందు నోట్ పలికించకుండా ఒట్టి వేడి గాలి ఊదండి. తర్వాత మధ్య స్థాయిలో ఒక స్వరం, మెట్రోనోమ్ 60 మీద, నాలుగు బీట్లలో ఊపిరి తీసుకుని ఎనిమిది బీట్లు. వినీ వినపడనంత చిన్నగా మొదలుపెట్టి, మధ్యలో పెంచి, మళ్లీ అంత చిన్నగా ముగించాలి. శబ్దం పెరిగేటప్పుడు ట్యూనర్ ముల్లు పైకో కిందికో కదులుతుంది, ఆ కదలికని ఆపడమే ఎక్సర్‌సైజు. ఆఖర్లో శబ్దం ఠక్కున ఆగకుండా గాలిలో కలిసిపోవాలి. అలా అర టోన్ చొప్పున కిందికి దిగుతూ వెళ్లండి, పైకి తొందరపడొద్దు. ఆ తర్వాత వాల్వు నొక్కకుండా పెదవితో మాత్రమే ఒక హార్మోనిక్ నుంచి ఇంకోదానికి జారడం, స్లర్ అంటాం. మధ్యలో ఉన్న మెట్టు తగలకుండా ఎనిమిదో దాని నుంచి పదోదానికి దూకగలిగిన రోజు మీకే పండగలా ఉంటుంది. ఇది బోరు కొట్టే పనే, ఒప్పుకుంటా, కానీ ముప్ఫై ఏళ్లు వాయించినవాళ్లు కూడా పొద్దున్నే చేసేది ఇదే.

మధ్యాహ్నం టెక్నిక్. కోప్రాష్ రాసిన 60 ఎటూడ్లు (సాధన పాఠాలు) దాదాపు అందరూ దాటి వచ్చే గడప. వాటిని స్పీడుగా వాయించడం గొప్ప కాదు, ఒకే ఎటూడ్‌ని ఐదు రకాల నాలుక దెబ్బలతో, మూడు వేరే శ్రుతుల్లో వాయించగలగడం గొప్ప. సాయంత్రం సంగీతం, అంటే మోజార్ట్ కాన్చెర్టోలో (ఆర్కెస్ట్రా తోడుగా ఒక్క వాద్యం ముందుండే రచన) ఒక పుటో, ఆర్కెస్ట్రా భాగమో.

ఇంకో అలవాటు ఇప్పుడే మొదలెట్టండి. రోజులో ఒక్కసారి ఏ వార్మప్పూ లేకుండా, వేరే పనిలో ఉండగా లేచి వచ్చి, హార్న్ తీసి, ఏదో ఒక కష్టమైన సోలో మొదటి వాక్యం ఒక్కసారే వాయించండి. రెండో చాన్సు లేదు. పగిలితే పగిలింది, హార్న్ కింద పెట్టి వెళ్లిపోండి. స్టేజీ మీద జరిగేది అచ్చం ఇదే కాబట్టి దీన్ని విడిగా సాధన చేయాలి. గదిలో పదిసార్లు వాయిస్తే ఏడుసార్లు వస్తుందని సంతోషపడేవాళ్లు ఆ మిగతా మూడుసార్లలో మొదటిది ఎప్పుడొస్తుందో లెక్కేసుకోరు.

ఐదో మెట్టు: ట్రాన్స్‌పోజిషన్, తప్పించుకోలేరు

హార్న్‌కి వాల్వుల్లేని రోజుల్లో రాగం శ్రుతి మారినప్పుడల్లా వేరే సైజు గొట్టం తగిలించేవారు, స్వరపత్రం మాత్రం అన్నిటికీ సి లో రాసినట్టే రాసేవారు. అందుకే మోజార్ట్, బీతోవెన్, బ్రాంస్ పుటల మీద ‘ఇ ఫ్లాట్ హార్న్’, ‘డి హార్న్’, ‘ఇ హార్న్’ అని ఉంటుంది, మీ చేతిలో ఉన్నదేమో ఎఫ్. కాబట్టి చూసే నోట్ ఒకటి, వాయించేది ఇంకొకటి. ‘ఇ’ అయితే అర టోన్ కిందికి, ‘ఇ ఫ్లాట్’ అయితే ఒక టోన్ కిందికి, ‘డి’ అయితే టోనున్నర కిందికి, ‘సి’ అయితే నాలుగో స్వరం కిందికి, ‘జి’ అయితే ఒక టోన్ పైకి. బి ఫ్లాట్‌లో మళ్లీ రెండు రకాలు, ఒకటి నాలుగో స్వరం పైకి, ఇంకొకటి ఐదో స్వరం కిందికి, ఏది ఏదో పుట మీద రాయకపోవడం కూడా జరుగుతుంది, పాత ప్రింట్లలో మరీను.

నేర్చుకునే దారి ఒక్కటే. నిన్నటి కోప్రాష్ ఎటూడ్‌ని ఇవాళ ‘ఇ ఫ్లాట్’ లో, రేపు ‘డి’ లో వాయించండి. పెన్సిల్‌తో నోట్ల మీద అక్షరాలు రాసుకోకండి, అలా రాసుకున్నవాడు రిహార్సల్‌లో కొత్త కాగితం చేతికొచ్చినప్పుడు దొరికిపోతాడు.

ఆరో మెట్టు: గురువు, కాలేజీ

గురువు దగ్గర చూడాల్సింది ఆయన ఎంత గొప్పగా వాయిస్తాడో కాదు, ఆయన విద్యార్థులు ఎలా వాయిస్తున్నారో. అందరూ ఒకే సమస్యతో కనిపిస్తే ఆ సమస్య గురువుదే. మ్యూజిక్ కాలేజీ ఎంట్రన్స్‌కి మామూలుగా ఒక మోజార్ట్ కాన్చెర్టో, ఒకటి రెండు ఎటూడ్లు, ఒక ఆధునిక రచన, స్వరపత్రం అప్పటికప్పుడు చూసి వాయించడం ఉంటాయి. మోజార్ట్ కాన్చెర్టోల్లో ఎక్కువగా అడిగేవి రెండోది (కె. 417), నాలుగోది (కె. 495). వాటిని ఆయన తన స్నేహితుడైన హార్న్ వాద్యకారుడు లోయిట్‌గెబ్ కోసం రాశాడు. దాని పక్కనే రిచర్డ్ స్ట్రాస్ మొదటి కాన్చెర్టో, ఓపస్ 11. అది రాసేనాటికి స్ట్రాస్‌కి పద్దెనిమిదేళ్లు, తండ్రి ఫ్రాంజ్ మ్యూనిక్ ఆస్థాన ఆర్కెస్ట్రాలో పేరుమోసిన హార్న్ ప్లేయర్. ఇంట్లో రోజూ విని పెరిగినవాడు రాసిన సంగతి ప్రతి లైనులో తెలుస్తుంది.

కాలేజీలో సోలో కంటే ఛాంబర్ సంగీతానికి, అంటే కొద్దిమందే కలిసి వాయించేదానికి, ఎక్కువ టైం ఇవ్వండి. హార్న్‌కి ఒక విచిత్రమైన అదృష్టం ఉంది, ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బసూన్‌లతో కలిసి వుడ్‌విండ్ క్వింటెట్‌లోనూ ఉంటుంది, ట్రంపెట్లు, ట్రాంబోన్, ట్యూబాతో బ్రాస్ క్వింటెట్‌లోనూ ఉంటుంది. మొదటి చోట ఊపిరి బిగబట్టినట్టు చిన్నగా వాయించాలి, రెండో చోట గోడలు కదలాలి. రెండూ చేసినవాళ్లకి ఆర్కెస్ట్రాలో ఏ సీటైనా కొత్త అనిపించదు. చదువు తర్వాత ఆర్కెస్ట్రాలే నడిపే అకాడమీలున్నాయి, బెర్లిన్ ఫిల్హార్మోనిక్ వాళ్ల కరాయన్ అకాడమీ 1972 నుంచి ఉంది. అక్కడ సీనియర్ల పక్కన కూర్చుని కచేరీల్లో వాయిస్తూ నేర్చుకుంటారు, నాలుగు గోడల క్లాసులో దొరకనిది అది.

ఏడో మెట్టు: పై హార్నా, కింది హార్నా తేల్చుకోండి

ఆర్కెస్ట్రాలో మామూలుగా నలుగురు హార్న్ ప్లేయర్లు. ఒకటి, మూడు పై స్వరాలకి, రెండు, నాలుగు కింది స్వరాలకి. ‘నాలుగో హార్న్ అంటే నాలుగో ర్యాంకు’ అనుకునేవాళ్లు ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోనివాళ్లే. బీతోవెన్ తొమ్మిదో సింఫనీ మూడో భాగంలో పెద్ద సోలో ఇచ్చింది నాలుగో హార్న్‌కే. షోస్తకోవిచ్ ఐదో సింఫనీ మొదటి భాగంలో హార్నులన్నీ కలిసి అడుగు స్థాయిలో గర్జించే చోట కింది స్వరాల్లో సత్తా లేనివాడు ఒట్టి గాలి ఊదుతాడు. బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌లో 2001లో చేరి అక్కడి ఇత్తడి వాద్యాల్లో మొదటి మహిళ అయిన సారా విల్లిస్ కింది హార్న్ ప్లేయరే.

మీ పెదవి ఎటు మొగ్గుతుందో రెండు మూడేళ్లలో తెలిసిపోతుంది. పై స్వరాలు రోజూ యుద్ధం చేస్తేనే వస్తున్నాయి, కింద మాత్రం హాయిగా మోగుతున్నాయంటే కింది హార్న్ ఉద్యోగాలకే సిద్ధమవ్వండి. నాకు ఇది ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది, అహం అడ్డొచ్చింది, ఆ ఏళ్లు ఊరికే పోయాయి.

ఎనిమిదో మెట్టు: ఆడిషన్

ఒక్క కుర్చీ ఖాళీ అయితే వందమందికి పైగా అప్లై చేయడం పెద్ద ఆర్కెస్ట్రాల్లో మామూలే. చాలా చోట్ల కనీసం మొదటి రౌండ్లో అభ్యర్థికీ జడ్జీలకీ మధ్య తెర ఉంటుంది, చెప్పుల చప్పుడుతో ఆడో మగో తెలియకుండా కొన్నిచోట్ల కార్పెట్ కూడా పరుస్తారు. ముందు మోజార్టో, స్ట్రాసో మొదటి భాగం, తర్వాత ఎక్సెర్ప్ట్‌లు, అంటే సింఫనీల్లోంచి తీసిన ముక్కలు. లిస్టు ప్రతిచోటా కాస్త మారుతుంది కానీ కొన్ని ఎప్పుడూ ఉంటాయి. చైకోవ్‌స్కీ ఐదో సింఫనీ రెండో భాగంలోని సోలో, స్ట్రాస్ ‘టిల్ ఓయిలెన్‌స్పీగెల్’ మొదట్లో వచ్చే పిలుపు, మెండెల్‌సన్ నాక్టర్న్, బీతోవెన్ మూడో సింఫనీ ట్రియో, బ్రాంస్, మాలర్ ముక్కలు. టిల్ పిలుపు వినడానికి అల్లరి పిల్లాడి గంతుల్లా ఉంటుంది, వాయించేవాడికి మాత్రం పై నుంచి అట్టడుగుకి ఒక్క ఊపులో దిగే మెట్లబావి. మెండెల్‌సన్‌లో కష్టమైన నోటే లేదు, కష్టమంతా ఆ పొడవాటి సోలో ఆఖరి దాకా పెదవి అలిసిపోకుండా ఉండటంలో.

ఈ ముక్కల్ని ఒట్టి హార్న్ లైనుగా నేర్చుకోకండి. చైకోవ్‌స్కీ సోలోకి ముందు కింది స్థాయి తంత్రీవాద్యాలు నెమ్మదిగా కొన్ని బార్లు (స్వరపత్రంలో తాళం గళ్లు) వాయిస్తాయి. ఆడిషన్లో అవి ఉండవు, కానీ మీ చెవిలో మోగుతూ ఉండాలి, లేకపోతే లయ తప్పుతుంది, తెర వెనకున్నవాళ్లు అది రెండు బార్లలో పట్టేస్తారు. నోట్ పగిలినవాణ్ణి క్షమించేవాళ్లు కూడా లయ, శ్రుతి పోయినవాణ్ణి క్షమించరు.

సాధన ఇలా చేయండి. ముక్కల పేర్లు చీటీల మీద రాసి ఒక డబ్బాలో వేయండి, ఒకటి తీయండి, ఒక్కసారే వాయించండి, రికార్డు చేయండి, ఇంకోటి తీయండి. రికార్డింగ్ అదే రోజు వినొద్దు, మర్నాడు వినండి, అప్పుడు పరాయివాడు వాయించినట్టు నిజం వినపడుతుంది. మెట్లెక్కి దిగి, గుండె దడదడలాడుతుండగా వచ్చి వెంటనే మెండెల్‌సన్ మొదలుపెట్టండి, టెన్షన్‌లో ఊపిరి ఎలా పొట్టిదవుతుందో శరీరానికి ముందే పరిచయమవుతుంది. హార్న్ తెలియని వాళ్ల ముందు కూడా వాయించండి, మొహమాటం లేకుండా ‘ఇక్కడ ఏదో అయ్యింది’ అంటారు.

నా రెండో ఆడిషన్ సంగతి చెప్పాలి. మోజార్ట్ నాలుగో కాన్చెర్టో, ఎన్ని వందలసార్లు వాయించానో లెక్కలేదు. మొదటి వాక్యంలోనే ఒక నోట్ పగిలింది. పెద్దగా కూడా కాదు, పక్క మెట్టు ఇలా తగిలి అలా వెళ్లిపోయింది. కానీ నేను తర్వాతి పుటంతా ఆ నోట్ గురించే ఆలోచిస్తూ వాయించా, ఎక్కడా ఒక్క వాక్యం పాడినట్టు రాలేదు. తెర వెనక నుంచి ‘థాంక్యూ’ అని వినపడింది, అంతే, మొత్తం రెండు నిమిషాలు. తర్వాత నెగ్గిన అభ్యర్థి రెండు మూడు నోట్లు పగలగొట్టాడని విన్నప్పుడు ముందు కోపమొచ్చింది, తర్వాత బుద్ధొచ్చింది. చెయ్యి వణకడం మరీ ఎక్కువైతే కొందరు మ్యుజీషియన్లు బీటా బ్లాకర్ మాత్రలు వాడతారు, దాచాల్సిన విషయమేమీ కాదు, కానీ ఆస్తమా లాంటివున్నవాళ్లకి ప్రమాదం, డాక్టర్ని అడగకుండా మాత్రం వేసుకోకండి.

తొమ్మిదో మెట్టు: పిలిచిన చోటికి వెళ్లడం

ఆడిషన్ నెగ్గేదాకా, నెగ్గని వాళ్లకి ఎప్పటికీ, బతుకు ఫ్రీలాన్సే. సినిమా రికార్డింగులు, ఒపెరా, మ్యూజికల్స్, మిలటరీ బ్యాండ్, చర్చి, పెళ్లిళ్లు, పాఠాలు చెప్పడం. దీన్ని చిన్నచూపు చూడకండి, చాలామంది మంచి ప్లేయర్ల సంపాదన ఇలాగే పోగవుతుంది. ఆర్కెస్ట్రాలో ఎవరికో జ్వరమొస్తే ఎవర్ని పిలవాలన్న లిస్టులో మీ పేరు ఉండటం అన్నిటికంటే ముఖ్యం. అందులో నిలబడాలంటే అరగంట ముందు వెళ్లండి, పెన్సిల్ జేబులో ఉంచుకోండి, స్ట్రెయిట్ మ్యూట్, స్టాప్ మ్యూట్ (బెల్‌లో పెట్టి నాదం మార్చేవి) రెండూ తీసుకెళ్లండి, పక్కనున్న ప్రిన్సిపల్ (మొదటి కుర్చీ ప్లేయర్) కంటే గట్టిగా వాయించకండి, ఆయన సోలో మీ చెవిన పడగానే రిహార్సల్ గదిలో దాన్నే మీరు వాయించి చూపించకండి. ఆఖరిది చేసినవాణ్ణి రెండోసారి పిలవరు, నేను చూశా.

వాగ్నర్ ట్యూబా (హార్న్ మౌత్‌పీస్‌తోనే ఊదే ఇంకో ఇత్తడి వాద్యం) కూడా కాస్త చేతికి అలవాటు చేసుకోండి. బ్రూక్నర్ ఏడో సింఫనీ లాంటి వాటిలో దాన్ని వాయించేది హార్న్ వాళ్లే. అది రాని ప్లేయరుని ఆ వారం పిలవరు కదా.

ఇంకో ఇబ్బంది కొత్తవాళ్లకి ఎవరూ ముందు చెప్పరు. మన బెల్ వెనక్కి తిరిగి ఉంటుంది, శబ్దం వెనక గోడకి తగిలి హాల్లోకి వెళ్తుంది. మీకు సరిగ్గా తాళంలో ఉన్నట్టు అనిపించినా కండక్టర్‌కి ఆలస్యంగా వినపడుతుంది. కాబట్టి చెవిని కాదు, కండక్టర్ చేతిని నమ్మి కాస్త ముందుగా వాయించాలి. ఎంత ముందుగా అనేది హాలుని బట్టి మారుతుంది, పక్కవాళ్లని చూసి పట్టుకోండి. ఉద్యోగం వచ్చాక కూడా మొదట్లో ప్రొబేషన్ ఉంటుంది, చాలాచోట్ల ఏడాది, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. ఆ రోజుల్లో మిమ్మల్ని చూసేది పై నోట్ కోసం కాదు, పక్కవాళ్ల శ్రుతిలో కరిగిపోతారా లేదా అని.

పదో మెట్టు: శరీరం

వెనక ట్రంపెట్లు, ట్రాంబోన్లు ఉంటే ఫిల్టరున్న ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోండి, చెవి పోతే తిరిగి రాదు. హార్న్ బరువు రెండున్నర కిలోల దాకా ఉంటుంది, దాన్ని మూతి దగ్గరికి తెచ్చుకోండి, మూతిని దాని దగ్గరికి వంచకండి, మెడ నొప్పులు అక్కడే మొదలవుతాయి. పెదవి వాచిన రోజు సెలవు. మూతి కండరాలు చెప్పిన మాట వినకుండా వణకడం, ఒక స్థాయిలో నోట్ అస్సలు నిలవకపోవడం వారాల తరబడి సాగితే అది అలసట కాకపోవచ్చు. డిస్టోనియా అనే నాడీ సమస్య ఇత్తడి వాద్యాల వాళ్లకి వస్తుంది. దాన్ని ఇంకా ఎక్కువ సాధన చేసి గెలవాలని చూస్తే ముదురుతుంది, మ్యుజీషియన్లని చూసే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

పదకొండో మెట్టు: కచేరీ రోజు

సోలో ఉన్న రోజు ఎక్కువ వాయించకండి. పొద్దున్న వార్మప్, సాయంత్రం చిన్నగా పది నిమిషాలు. గొట్టంలో చేరేది ఎంగిలి అనుకుంటారు, చాలావరకు ఊపిరిలోని ఆవిరి నీరైనదే, దాన్ని తీయడం మరిచిపోవద్దు. ఒకసారి నెమ్మది భాగంలో నా సోలో రెండో నోట్ దగ్గర గొట్టంలో నీళ్లు బుడబుడమన్నాయి, ముందు వరసలో కూర్చున్న పిల్ల పక్కకి తిరిగి వాళ్లమ్మని ఏదో అడిగింది. అప్పట్నుంచి సోలోకి ఇరవై బార్ల ముందు హార్న్‌ని ఒళ్లో తిప్పి, ఎఫ్ వైపు స్లైడ్లు ఒక్కొక్కటీ తీసి దులుపుతా, తర్వాత శబ్దం రాకుండా రెండుసార్లు వేడి గాలి ఊది మౌత్‌పీస్ చల్లబడకుండా చూసుకుంటా. ఖాళీ బార్లు వేళ్ల మీద లెక్కపెట్టుకోండి, పక్కవాళ్లు లెక్కపెడుతున్నారులే అనుకోకండి, వాళ్లూ మీ మీదే ఆధారపడి ఉండొచ్చు.

పక్కవాళ్ల నోట్ పగిలితే అటు చూడకండి, కళ్లు స్వరపత్రం మీదే ఉండాలి. మీ సోలో బాగా వస్తే మాత్రం సంగీతం నడుస్తుండగానే కుర్చీల కింద బూట్లు నేలకి మెల్లగా రాసుకున్న చప్పుడు వినపడుతుంది, ఆర్కెస్ట్రా వాళ్లు మెచ్చుకునే పద్ధతి అది. ఆ సంబరంలో తర్వాతి ఖాళీ బార్ల లెక్క తప్పకండి, మళ్లీ మీ వంతు దగ్గరలోనే ఉంటుంది.